సంత కనబడని పటం

మన ఏజెన్సీలో ఊరి కంటే పెద్దవి, నగరం కంటే బాగా చిన్నవి అయిన పట్టణాలు చాలానే ఉన్నాయి. పాడేరు, అరకు, చింతపల్లి, రంపచోడవరం, సీతంపేట, భద్రాచలం, ఏటూరునాగారం, ఉట్నూరు, ఇంద్రవెల్లి, జైనూరు. ఇలా చెప్పుకుంటూ పోవచ్చు. ఆఫీసులు, ఆసుపత్రి, కాలేజీ, బ్యాంకు, బస్టాండు అక్కడే ఉంటాయి. కొండ మీది గూడెం మనిషికి ప్రభుత్వం కనబడేది అక్కడే, బజారు కనబడేదీ అక్కడే. ఇప్పుడు వీటి అభివృద్ధి గురించి చాలా మాటలు వినబడుతున్నాయి. సుస్థిర ప్రణాళిక అంటున్నారు, ప్రజల భాగస్వామ్యం అంటున్నారు, మాస్టర్ ప్లాన్ అంటున్నారు. మాటలు మంచివే. ఆ మాటల వెనక గీసిన పటాలను మాత్రం మనం మన కళ్లతో చూసి, ఇందులో ఏముంది, ఏం లేదు అని తేల్చుకోవాల్సిన అవసరం ఉంది. ఈ వ్యాసం అందుకే.

నేను చెప్పదలచుకున్నది ఒక్క విషయం. మన్యం పట్టణాల ప్రణాళికలు అక్కడ రాత్రి పడుకునేవాళ్లను లెక్కపెడతాయి, పగలు వచ్చిపోయేవాళ్లను లెక్కపెట్టవు. రాత్రి పడుకునేవాళ్లలో వ్యాపారులు, ఉద్యోగులు ఎక్కువ. పగలు వచ్చిపోయేవాళ్లలో ఆదివాసులు ఎక్కువ. అందువల్ల ఎవరి పేరు చెప్పి ఆ పట్టణానికి ఆఫీసులు, నిధులు వచ్చాయో ఆ మనుషులే ప్రణాళికలో చుట్టాలుగా మిగిలిపోతున్నారు. ఈ లెక్క మార్చుకోకుండా ఎన్ని సిమెంటు రోడ్లు వేసినా ఆ పట్టణం మనది కాదు.

పడుకునే చోటు లెక్క

జనాభా లెక్కలు మనిషిని అతని నివాసం దగ్గరే రాసుకుంటాయి. నీళ్ల ట్యాంకు ఎంత ఉండాలి, మరుగుదొడ్లు ఎన్ని కట్టాలి, చెత్త బండ్లు ఎన్ని కావాలి అన్నవి ఆ లెక్క మీదే నడుస్తాయి. మైదానంలో పల్లెపల్లెకూ కొట్లు, ఆర్ఎంపీలు, ఆటోలు ఉంటాయి కాబట్టి దీనివల్ల పెద్ద తేడా రాదు. కొండల్లో అలా కాదు. చుట్టూ ఉన్న పదుల గూడేలకు ఒక్కటే పట్టణం. సంత రోజు పొద్దున ఆ పట్టణంలోని జనం ముందు రోజు రాత్రి ఉన్న జనానికి ఎన్నో రెట్లు. ఆ రోజు కావలసిన నీళ్లు, నీడ, మరుగుదొడ్డి, బండ్లు నిలిపే చోటు ఏ ప్లానులోనూ ఉండవు. ఎందుకంటే ఆ మనుషుల పేర్లు ఆ పంచాయతీ జాబితాలో లేవు.

కేంద్ర ప్రభుత్వం 2016 ఫిబ్రవరి 21న మొదలుపెట్టిన శ్యామాప్రసాద్ ముఖర్జీ రూర్బన్ మిషన్‌ను ఈ కోణంలో చూద్దాం. ఒక ఎదిగే ఊరిని, దాని చుట్టూ ఉన్న పల్లెలను కలిపి ఒక క్లస్టర్‌గా తీసుకుని అభివృద్ధి చెయ్యాలన్నది దాని ఆలోచన. దేశం మొత్తం మీద 300 క్లస్టర్లు అనుకున్నారు. వాటిలో గిరిజన క్లస్టర్లు కూడా ఉన్నాయి. మన అరకు లోయ ఆ జాబితాలోకి వచ్చింది. పట్టణాన్ని ఒంటరిగా చూడకుండా పల్లెలతో కలిపి చూడాలన్న ఆలోచన సరైనదే, అందుకు మెచ్చుకోవాలి. అయితే క్లస్టర్‌కు జనాభా ఎంత ఉండాలన్నారు? మైదానంలో 25 వేల నుంచి 50 వేలు, కొండ, ఎడారి, గిరిజన ప్రాంతాల్లో 5 వేల నుంచి 15 వేలు. దాన్ని బట్టి కేంద్రం ఇచ్చే లోటు నిధికి హద్దు పెట్టారు. మామూలు క్లస్టర్‌కు 30 కోట్ల రూపాయల దాకా, గిరిజన క్లస్టర్‌కు 15 కోట్ల దాకా.

తలసరి చూస్తే గిరిజన క్లస్టర్‌కు తక్కువేమీ రాలేదని ఎవరైనా అనవచ్చు. కాగితం మీద నిజమే. కానీ తలలు ఎవరివి లెక్కపెట్టారన్నదే మన ప్రశ్న. మైదానంలో ఒక వీధికి గొట్టం వేస్తే వంద ఇళ్లకు నీళ్లు వస్తాయి. కొండల్లో పది ఇళ్ల గూడేనికి కిలోమీటర్ల దూరం గొట్టం లాగాలి. ఒక కరెంటు స్తంభం పాతాలన్నా రాయి తొలవాలి. దాని మీద, క్లస్టర్ బయట ఉన్న గూడేలు కూడా ఆ పట్టణానికే నడిచి వస్తాయి. వాళ్ల బరువు ఏ లెక్కలోకీ రాదు.

వచ్చిపోయేవాళ్లను లెక్కలోకి తీసుకుంటే ప్రణాళిక ఎలా మారుతుందో చూపే ఉదాహరణ మన దగ్గరే ఉంది. సాలూరులో ఐటీడీఏ గర్భిణుల వసతి గృహం నడిపింది. నెలలు నిండిన కొండ ఊళ్ల ఆడవాళ్లను ముందుగానే కిందకు తీసుకొచ్చి, కాన్పు దాకా తిండి, వైద్యం ఇచ్చి ఉంచే ఇల్లు అది. డోలీ మోతలో సగం దారిలో కాన్పయ్యే ప్రమాదానికి అది ఒక జవాబు. అందులో గొప్ప ఇంజనీరింగు ఏమీ లేదు. ఈ పట్టణానికి ఎవరు వస్తారు, ఎంత దూరం నుంచి వస్తారు, వచ్చాక ఎక్కడ ఉంటారు అన్న మూడు ప్రశ్నలు ఎవరో అడిగారు. ఆ మూడు ప్రశ్నలు ఆసుపత్రి దగ్గర అడిగినట్టే కాలేజీ దగ్గర, బస్టాండు దగ్గర, సంత దగ్గర ఎందుకు అడగకూడదు?

సంత దగ్గర ఏం జరుగుతుంది

అటు సంత అంటాం, తెలంగాణలో అంగడి అంటాం. చాలా మన్యం పట్టణాలు సంత చుట్టూనే పెరిగాయి. కొండ మీది సరుకు, మైదానం సరుకు కలుసుకునే చోట గుడారాలు వెలిశాయి, గుడారాలు కొట్లయ్యాయి, కొట్లు మిద్దెలయ్యాయి. మిద్దెలు కట్టినవాళ్లు ప్లానులోకి ఎక్కారు. సరుకు తెచ్చినవాళ్లు రోడ్డు పక్కకు జరిగారు.

చింతపండో, కొండచీపుర్లో, పిప్పళ్లో, రాజ్మానో, అడ్డాకులో నెత్తిన పెట్టుకుని దిగి వచ్చిన ఆడమనిషి సంతలో ఎలా అమ్ముతుందో ఒకసారి ఆలోచించండి. ఆమెకు అరుగు లేదు, పైన రేకు లేదు. కూర్చున్నందుకు ఆశీలు కట్టాలి. కొన్నిచోట్ల దాన్ని తైబజారు అంటారు. తిరుగు జీపు చీకటి పడకముందే పోతుంది. ఆ లోపు అమ్ముడుపోని సరుకును మళ్లీ కొండెక్కించలేదు. కొనేవాడికి ఆ సంగతి తెలుసు. అందుకే మధ్యాహ్నం దాకా చూసి బేరం మొదలుపెడతాడు. ధర పడిపోయేది అక్కడే. దాన్ని మనం షావుకారు మోసం అని తిట్టుకుంటాం, తిట్టాల్సిందే. అయితే దాని వెనక ఒక ప్రణాళిక లోపం ఉంది. సంత పక్కన తాళం వేసుకునే ఒక గది, నమ్మకమైన ఒక కాటా, రసీదు రాసిచ్చే ఒక మనిషి ఉంటే ఆమె సరుకును వచ్చే వారానికి ఉంచుకోగలదు. అమ్మను అనగలదు. అమ్మను అనగలిగినవాళ్లకే ధర వస్తుంది.

ఆదివాసి సరుకుకు న్యాయమైన ధర ఇవ్వాలనే 1956లో గిరిజన సహకార సంస్థను పెట్టారు. జీసీసీ డిపోలు ఉన్నాయి. డిపో కొనే సరుకుల జాబితా వేరు, సంతకు వచ్చే సరుకుల జాబితా వేరు. డిపో పనిచేసే వేళ వేరు, సంత వేళ వేరు. ఈ రెండింటినీ కలిపి ఆలోచించే పటం ఎవరూ గీయలేదు.

ఇందులో చట్టం మన పక్షానే ఉందన్న సంగతి యువత గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. 1996 డిసెంబరు 24న వచ్చిన పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో గ్రామ సంతల నిర్వహణ అధికారాన్ని గ్రామసభకు, తగిన స్థాయి పంచాయతీకి ఇవ్వాలని చెప్పింది. అదే చట్టం వడ్డీ వ్యాపారం మీద అదుపు, అన్యాక్రాంతమైన ఆదివాసి భూమిని తిరిగి ఇప్పించే అధికారం, స్థానిక ప్రణాళికల మీద, వాటి వనరుల మీద అదుపు కూడా చెప్పింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీని నియమాలు రావడానికి 2011 దాకా పట్టింది. ఈ నాలుగు అంశాలూ కలిసేది ఎక్కడ? సంతలోనే. అయినా సంత విషయంలో పంచాయతీ చేసే పని చాలాచోట్ల ఆశీలు వేలం వెయ్యడం దగ్గర ఆగిపోతుంది. వేలం ద్వారా వచ్చిన డబ్బు ఎంత, అందులో సంతలో కూర్చునేవాళ్ల కోసం ఖర్చు చేసింది ఎంత అని గ్రామసభలో అడిగితే జవాబు చెప్పాల్సి ఉంటుంది. పెసా ప్రకారం పంచాయతీ ఖర్చుకు వినియోగ ధ్రువీకరణ ఇవ్వాల్సింది గ్రామసభే.

సంత అమ్మకాలు కొనుగోళ్ల చోటు మాత్రమే అనుకుంటే పొరపాటు. పెళ్లి మాట, చావు కబురు, పని కబురు అన్నీ అక్కడే. మన సభ కూడా అక్కడే. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి కోసం సభ పెట్టుకోవడానికి గోండులు తరలివచ్చింది సోమవారం అంగడి రోజునే. ఆ రోజు పోలీసు కాల్పుల్లో చనిపోయినవారు 13 మంది అని ప్రభుత్వం చెప్పింది. అంతకంటే చాలా ఎక్కువమందని ప్రజాసంఘాలు చెప్పాయి. చెల్లాచెదురుగా ఉన్న గూడేలు ఒకచోట కలిసే రోజు అంగడి రోజే. అంగడి స్థలాన్ని చిన్నది చేసుకుంటూ, ఊరి బయటకు నెట్టుకుంటూ పోయే ప్రణాళిక మన కలయికను కూడా చిన్నది చేస్తుంది. సంత స్థలం మీద షాపింగ్ కాంప్లెక్సు కడతామన్న ప్రతిపాదన వచ్చిన ప్రతిచోటా ఈ మాట చెప్పాలి.

పంచాయతీనా, మున్సిపాలిటీనా

మన యువతలో చాలామంది మా ఊరు మున్సిపాలిటీ కావాలి అని అడుగుతున్నారు. పేరుకు గౌరవం, నిధులు వస్తాయన్న ఆశ దాని వెనక ఉంది. ఆ కోరికను కొట్టిపారేయను. అయితే దానికి ముందు ఒక సంగతి తెలియాలి.

73, 74 రాజ్యాంగ సవరణలు 1993లో అమలులోకి వచ్చాయి. మొదటిది పంచాయతీలకు, రెండోది మున్సిపాలిటీలకు. ఈ రెండూ షెడ్యూల్డు ప్రాంతాలకు నేరుగా వర్తించవు. పార్లమెంటు ప్రత్యేక చట్టం చేస్తేనే వర్తిస్తాయి. పంచాయతీల విషయంలో ఆ చట్టం పెసా రూపంలో 1996లో వచ్చింది. మున్సిపాలిటీల విషయంలో 2001లో ఒక బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. ఇన్నేళ్లుగా ఈ ఖాళీ అలాగే ఉంది.

దీని ఫలితం ఎలా ఉంటుందో పాల్వంచ, మణుగూరు, మందమర్రి చెబుతాయి. ఫ్యాక్టరీలు, బొగ్గు గనుల వల్ల పెరిగిన ఈ ఊళ్లను మున్సిపాలిటీలు చేశారు. ఇవి షెడ్యూల్డు ప్రాంతంలో ఉన్నందువల్ల ఎన్నికల చిక్కు వచ్చిపడింది. 2020 జనవరిలో తెలంగాణ అంతటా మున్సిపల్ ఎన్నికలు జరిగినప్పుడు ఈ మూడు చోట్లా జరగలేదు. అప్పుడు పన్ను కట్టించుకునే ఆఫీసు ఉండేది, జనం ఎన్నుకున్న పాలకవర్గం ఉండేది కాదు.

భద్రాచలం ఇందుకు ఎదురు కథ. 2011 లెక్కల నాటికే అక్కడ సుమారు 50 వేల జనం. ఇది గ్రామపంచాయతీగా ఉంది. సర్పంచ్ పదవి ఆదివాసికే వస్తుంది, అది పెసా ఇచ్చిన రక్షణ. కానీ అంత పట్టణానికి పంచాయతీ ఆదాయం, పంచాయతీ సిబ్బంది చాలవు. దీనికి తోడు 2014 విభజనలో పట్టణం తెలంగాణలో ఉండిపోయింది, దాన్ని ఆనుకుని ఉన్న పల్లెలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. చెత్త వెయ్యడానికి కూడా పట్టణానికి జాగా కరువైంది. పల్లెల నుంచి విడిపోయిన పట్టణం ఎలా ఊపిరాడక కొట్టుకుంటుందో చూడాలంటే భద్రాచలం వెళ్లి చూడవచ్చు.

ఇందులో మనకు ఒక చేదు నిజం కూడా ఉంది. పట్టణంలో ఆదివాసేతరులు ఎక్కువైనచోట పంచాయతీ మొత్తానికి ఒకే గ్రామసభ పెడితే అందులో మన మాట మెజారిటీ మాట కాదు. సర్పంచ్ మనవాడైనా నిర్ణయాలు ఎక్కడో జరుగుతాయి. ఇలాంటప్పుడు పెసాలోని గ్రామం అనే మాటకు ఉన్న అర్థాన్ని పట్టుకోవాలి. ఆ చట్టం ప్రకారం గ్రామం అంటే తమ సంప్రదాయాల ప్రకారం తమ వ్యవహారాలు నడుపుకునే ఒక ఆవాసం, లేదా కొన్ని ఆవాసాలు. అంటే గూడెం. పట్టణం పంచాయతీలో కలిసిపోయిన గూడేలకు కూడా విడిగా సభ ఉండాలని అడిగే ఆధారం మనకు ఉంది. మున్సిపాలిటీ కావాలా వద్దా అన్న చర్చ కంటే ముందు, ఏ పేరు పెట్టినా గూడెం సభ అధికారం పోకూడదన్న షరతు పెట్టాలి. షెడ్యూల్డు ప్రాంతం మున్సిపాలిటీల కోసం పార్లమెంటు చట్టం చెయ్యాలని, అందులో ఈ షరతు ఉండాలని అడగాలి.

నేల కాపాడుకున్నాం, కొట్టు కాపాడుకోలేదు

మన నేలను కాపాడిన చట్టాల చరిత్ర టీచర్లందరికీ తెలిసిందే. 1917 ఏజెన్సీ చట్టం, 1959 భూబదలాయింపు రెగ్యులేషన్, దాన్ని గట్టిపరిచిన 1970 నాటి 1/70. దీని ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలో భూమిని ఆదివాసులకో, ఆదివాసుల సహకార సంఘాలకో తప్ప మరెవరికీ బదలాయించకూడదు. ఆదివాసేతరుడు మరో ఆదివాసేతరుడికి అమ్మడం కూడా చెల్లదు. 1988లో సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని సమర్థించింది. 1997 సమత తీర్పు గనుల లీజుల విషయంలో ఇదే దారిలో నడిచింది. 2025 ఫిబ్రవరిలో పర్యాటకం కోసం 1/70ని సవరించాలన్న మాట వినబడగానే మన్యంలో 48 గంటల బంద్ జరిగింది. సవరించబోమని ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది. ఇది మన బలం.

మరి పట్టణాల్లో మెయిన్ రోడ్డు మీద నడుస్తూ చూడండి. చట్టం ఇంత గట్టిగా ఉన్నా కొట్లు ఎవరివి? లాడ్జీలు ఎవరివి? చట్టం అమ్మకాన్ని ఆపింది కానీ ఆదివాసి చేతికి పెట్టుబడి ఇవ్వలేదు. స్థలం ఉన్న ఆదివాసి కుర్రాడు నాలుగు గదులు కట్టుకుందామని బ్యాంకుకు వెళ్తే, ఈ భూమిని తాకట్టు పెట్టుకుంటే రేపు ఎవరికి అమ్మాలి అని బ్యాంకు వెనకాడుతుంది. పెట్టుబడి ఉన్నవాడు వచ్చి, నీ పేరు నా డబ్బు అంటాడు. అలా బినామీ పుడుతుంది. లంబసింగి, వంజంగి వైపు చలికాలం జనం విరగబడ్డాక ఈ బేరం ఇంకా పెరిగింది. పేరు అరువిచ్చినవాడికి నెలకు కొంత సొమ్ము వస్తుంది, అతని చెల్లెలు అదే రిసార్టులో గదులు ఊడుస్తుంది.

బయట నుంచి వచ్చినవాళ్లందరినీ శత్రువులుగా చూడమని నేను చెప్పడం లేదు. తరాలుగా మన మధ్య ఉన్న చేతివృత్తుల కుటుంబాలు, పేదవాళ్లు ఉన్నారు. వాళ్లు బతకాలి. సమస్య పెట్టుబడి దారిది. సంఘానికి రక్షణ చట్టం ఒక్కటే సరిపోదు, దానికి జతగా సంఘం చేతిలో ఆస్తి కావాలి. పంచాయతీ గాని, ఐటీడీఏ గాని కొట్ల గదులు కట్టి ఆదివాసి యువతకు, మహిళా సంఘాలకు అద్దెకివ్వడం, వాటిని మళ్లీ ఇంకొకరికి అద్దెకివ్వకుండా గ్రామసభ ఏడాదికోసారి తనిఖీ చెయ్యడం, ఆదివాసుల సహకార సంఘం పేర బసలు నడపడం చట్టానికి లోబడి చెయ్యగల పనులే. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గింజ పండించిన ఊరి పట్టణంలో ఆ కాఫీ అమ్మే కొట్టు పండించినవాళ్ల సంఘానిదైతే, ఆ గుర్తింపు వాళ్ల ఇంటి దాకా వచ్చినట్టు.

ఇక్కడ యువతకు సూటిగా ఒక మాట. బంద్ రోజు జెండా పట్టుకుని, మర్నాడు పేరు అరువిస్తే 1/70ని ఎవరో వచ్చి సవరించనక్కరలేదు.

గెడ్డను అడిగారా

పాడేరు 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా కేంద్రమైంది. ఆ తర్వాత ప్రభుత్వ వైద్య కళాశాల కూడా వచ్చింది. ఇవి మనం కోరుకున్నవే. జిల్లా కేంద్రమంటే ఆఫీసులు, క్వార్టర్లు, అద్దె ఇళ్లు, హోటళ్లు. వీటికి సమతలపు నేల కావాలి. కొండల్లో సమతలపు నేల అంటే గెడ్డ పక్కన ఉన్న పల్లం, అంటే వరి మడి. మడి పూడ్చి ఇల్లు కడితే తిండి పోతుంది, వాన నీరు ఆగే చోటు పోతుంది. మిద్దెల మురుగు గెడ్డలో కలిస్తే కింది ఊరు ఆ నీళ్లే తాగాలి.

మన కొండల నీరు మనతోనే ఆగదు. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తని తాటిపూడి జలాశయాన్ని నింపుతుంది. శారదా నది మీద రైవాడ జలాశయం ఉంది. ఈ రెండు జలాశయాల నుంచీ విశాఖపట్నానికి నీళ్లు వెళ్తాయి. పైన పట్టణాలు చెడితే కింద నగరం కూడా అనుభవిస్తుంది. అందువల్ల మన్యం పట్టణంలో మురుగు శుద్ధికి, చెత్త ఏరివేతకు అయ్యే ఖర్చును ఆ చిన్న పంచాయతీ నెత్తిన పెట్టడం న్యాయం కాదు. నీళ్లు వాడుకునే నగరం, మబ్బులు చూసిపోయే పర్యాటకుడు కూడా అందులో వాటా మొయ్యాలి. వంజంగి కొండ మీద మిగిలే ప్లాస్టిక్ సీసా కొండదిగి నగరానికి తిరిగి వెళ్లదు.

గోదావరి వైపు ఇంకో పాఠం. భద్రాచలం దగ్గర 1986లో నది 75.6 అడుగులకు వచ్చింది. 2022 జులైలో 71.3 అడుగులకు వచ్చింది. నది ఎక్కడి దాకా వస్తుందో ముసలివాళ్లకు గుర్తుంటుంది. ఏ చెట్టు దాకా, ఏ గుడి మెట్టు దాకా అని చెబుతారు. ప్లాను గీసేవాళ్లు వాళ్లను అడిగితే పల్లంలో కాలనీ గీయరు. కొండల్లోనూ అంతే. ఏ ఊట ఎండాకాలం కూడా పారుతుందో, ఏ వాలు వానకు జారుతుందో ఊళ్లో పశువులు కాసేవాళ్లకు తెలుసు. పెసా చిన్న నీటి వనరుల ప్రణాళికను పంచాయతీల చేతిలో పెట్టింది ఈ తెలివిని వాడుకోవడానికే.

మన రాతల్లో పట్టణం

ఇది రచయితల పుస్తకం కాబట్టి మన సాహిత్యం గురించి కూడా ఒక మాట అనుకోవాలి. మన కథల్లో, కవితల్లో అడవి ఉంది, కొండ ఉంది, పోడు ఉంది, వాగు ఉంది. పట్టణం వచ్చినప్పుడల్లా అది షావుకారు కొట్టుగానో, పోలీసు స్టేషనుగానో, ఆఫీసు వరండాగానో వస్తుంది. అనుభవం నుంచి వచ్చిన చిత్రమే అది, అబద్ధం కాదు. కానీ అది సగం చిత్రం. హాస్టల్లో చదువుకుని అక్కడే అద్దె గదిలో ఉంటున్న ఆదివాసి నర్సు, సెల్ ఫోన్ రిపేరు కొట్టు పెట్టిన కోయ కుర్రాడు, సంత రోజు టీ అమ్మి పిల్లను ఇంటర్ చదివిస్తున్న కొండదొర తల్లి ఇప్పుడు మన పట్టణాల్లో ఉన్నారు. వాళ్ల గురించి మనం రాయకపోతే పట్టణం మనది కాదని మన చేత్తోనే సంతకం పెట్టినట్టు అవుతుంది. అడవిలో ఉన్న ఆదివాసే అసలైన ఆదివాసి అన్న బయటివాళ్ల బొమ్మను మనం మోయనక్కరలేదు.

భాష సంగతి కూడా ఉంది. విశాఖ మన్యం సంతలో ఆదివాసీ ఒడియా నడుస్తుంది, కువి వినబడుతుంది. ఉట్నూరు అంగడిలో గోండి, కొలామి వినబడతాయి. పక్కనే ఉన్న ఆఫీసులో, ఆసుపత్రిలో, బ్యాంకులో ఆ భాష ఆగిపోతుంది. ఒక పట్టణం ఎవరి కోసం కట్టారో తెలుసుకోవాలంటే అక్కడి విచారణ గదిలో ఏ భాషలో జవాబు దొరుకుతుందో చూస్తే చాలు.

చేయగల పని

ప్రణాళిక అంటే కన్సల్టెంట్లు ఇంగ్లిషులో రాసేది అనుకుని మనం దూరంగా ఉంటున్నాం. ప్రతి గ్రామపంచాయతీ ఏటా అభివృద్ధి ప్రణాళిక తయారు చెయ్యాలి, 2018 నుంచి అక్టోబరులో మొదలుపెట్టి దానికోసం దేశమంతటా గ్రామసభలు పెట్టే కార్యక్రమం నడుస్తోంది. ఊరి స్థాయి ప్రణాళికలను, పథకాలను అమలుకు ముందు ఆమోదించాల్సింది గ్రామసభే అని పెసా చెబుతోంది. తలుపు తెరిచే ఉంది. చేతిలో కాగితం లేకుండా వెళ్తున్నాం.

ఆ కాగితం తయారు చెయ్యడం టీచర్లు, పిల్లలు, యువత కలిసి చెయ్యగల పని. ఒక్క సంత రోజు చాలు. తొమ్మిదో తరగతి పిల్లలను నాలుగు జట్లుగా చేసి పట్టణంలోకి వచ్చే దారుల దగ్గర నిలబెట్టండి. ఎంతమంది వచ్చారు, ఏ ఊళ్ల నుంచి, నడిచా జీపులోనా అని రాయించండి. ఇంకో జట్టు సంతలో ఏ సరుకు ఎంత వచ్చింది, పొద్దున ధర ఎంత, సాయంత్రం ధర ఎంత అని రాసుకోవాలి. మరో జట్టు తాగునీటి కుళాయిలు, మరుగుదొడ్లు, నీడ ఉన్న చోట్లు లెక్కపెట్టాలి. ఇది లెక్కల పాఠమూ అవుతుంది, సాంఘిక శాస్త్రమూ అవుతుంది. ఆ లెక్కతో పిల్లలు ఒక పటం గీస్తే, ఆఫీసులో ఉన్న పటంలో లేని పట్టణం అందులో కనబడుతుంది.

ఆ పటం పట్టుకుని గ్రామసభలో నాలుగు ప్రశ్నలు అడగాలి. ఆశీలు డబ్బు ఎంత వచ్చింది, సంత కోసం ఎంత పెట్టారు? సంత స్థలం సర్వే నంబరు ఏది, దాని హద్దులు ఎక్కడ, అది పంచాయతీ రికార్డులో సంత పేరుతో ఉందా? పట్టణం మురుగు ఏ గెడ్డలోకి పోతోంది, దాని కింద ఎన్ని గూడేలు ఉన్నాయి? పంచాయతీ కట్టిన కొట్లలో ఆదివాసి పేరున్నవి ఎన్ని, ఆదివాసి కూర్చుని నడుపుతున్నవి ఎన్ని? ఈ ప్రశ్నలకు జవాబు మినిట్స్ పుస్తకంలో రాయించాలి. రాయనిది జరగనట్టే లెక్క.

సంతకు వచ్చే ఊళ్లు వేరే పంచాయతీల్లో ఉంటాయి, వాళ్లకు ఈ గ్రామసభలో ఓటు లేదు. దీనికి ఒక దారి వెతకాలి. ఆదిలాబాద్ గోండుల రాయి సెంటర్లు చాలా గూడేల పెద్దలను ఒకచోట కూర్చోబెడుతున్నాయి. ఆ పద్ధతిలోనే ఒక సంతకు వచ్చే గూడేలన్నిటి నుంచి, ఆడవాళ్లు సగమైనా ఉండేలా, ఒక సంత కమిటీ వెయ్యవచ్చు. పెసా సంతల అధికారాన్ని గ్రామసభకే కాక తగిన స్థాయి పంచాయతీకి కూడా చెప్పింది కాబట్టి మండల స్థాయిలో ఆ కమిటీని గుర్తించమని అడగవచ్చు. పాత ముఠాల మాదిరి ఒక కుటుంబం చేతిలో అది పడకూడదు. ముఠాదారీని 1969లో రద్దు చేసింది ఊరికే కాదు.

మన్యం పట్టణాలు పెరుగుతాయి. పెరగకూడదని ఎవరూ ఆపలేరు, ఆపాలని మనమూ కోరుకోం. మన పిల్లలు అక్కడే చదవాలి, అక్కడే ఉద్యోగం చెయ్యాలి, అక్కడే కొట్టు పెట్టాలి, అక్కడ నుంచే ఊరికి వెళ్లి పండగ చేసుకోవాలి. ఇంకో పదేళ్లలో ఆ పట్టణాల రూపం గట్టిపడిపోతుంది. సంత స్థలం మీద మిద్దె లేచాక, గెడ్డ మురుగు కాలువయ్యాక, కొట్లన్నీ అరువు పేర్లతో నిండాక ఎంత మంచి ప్రణాళిక రాసినా దాన్ని పెట్టడానికి చోటు ఉండదు. ఈ అక్టోబరు గ్రామసభకు ముందు వచ్చే ఏదో ఒక సంత రోజున, మీ పట్టణంలో లెక్క మొదలుపెట్టండి.